ఉప్పుకొఠార్ల వీధిలో ఎవరూ లేరు

మా నగరపాలక సంస్థ కమిషనరు గారు ఒకసారి ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్ళారు. సదస్సులకు వెళ్ళిన కమిషనర్లు మామూలుగా శాలువాతో తిరిగొస్తారు. ఈయన ఆలోచనతో తిరిగొచ్చారు.

ఆ సదస్సులో వేరే రాష్ట్రపు నగరమొకటి తమ ఊళ్ళో మూతపడ్డ బట్టల మిల్లును తెర మీద చూపించిందట. గోడలు కూలి, లోపల చెట్లు మొలిచి ఉన్న ఆ మిల్లును చూడ్డానికి కుర్రకారు ఫోన్లు పట్టుకుని గుంపులుగా వస్తున్నారట. సందుసందూ తిరిగి, జనం మరిచిపోయిన చరిత్రను తవ్వి వీడియోలు పెడుతున్నారట. హాలంతా చప్పట్లు. ఆ తరవాత మా కమిషనరు గారు లేచి, మా ఊళ్ళో కొత్తగా వేసిన మురుగుకాలవల బొమ్మలు చూపిస్తే ఎవరూ చెయ్యి కదపలేదు. ఆ అవమానం ఆయన మనసులో పడిపోయింది. వచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. గణతంత్ర దినోత్సవానికల్లా నగరంలోని ప్రతి వార్డులోనూ కనీసం ఒక పాడుబడ్డ ప్రదేశం ఉండి తీరాలి. లేని వార్డులు కల్పించుకోవాలి.

ఈ పని కోసం విస్మృత ప్రదేశాల విభాగం అని ఒకటి పెట్టి, అంతవరకూ జనన మరణాల విభాగంలో ఉన్న సోమసుందరం గారిని దానికి సహాయ సంచాలకులుగా వేశారు. నిజానికి ఇంతకంటే తగిన మనిషి దొరకడు. పెళ్ళీపెటాకులూ లేని మనిషి. ఆదివారాలు గొడుగు వేసుకుని రేవు దగ్గర డచ్చివాళ్ళ సమాధుల మధ్య తిరుగుతూ, అరిగిపోయిన రాతి అక్షరాలను చేత్తో తడుముతూ ఉండేవారు. అటువంటి మనిషికి పాత గోడలను ప్రేమించడమే ఉద్యోగమైతే ఇంకేం కావాలి?

పాడుబడ్డ చోట్లకు మా ఊళ్ళో కొరత అనుకునేరు. కొల్లలుగా ఉన్నాయి. ఈతకొలను ఉంది, అందులో తుమ్మచెట్లు ఈదుతున్నాయి. వాణిజ్య సముదాయం ఉంది, అందులో పందులు వాణిజ్యం చేస్తున్నాయి. పిల్లల పార్కు ఉంది, దాని జారుడుబల్ల మీదికి తీగలు ఎక్కి దిగుతున్నాయి. సోమసుందరం గారు ఎంతో ఉత్సాహంగా వీటన్నిటి వివరాలూ సమర్పించారు. కమిషనరు గారు చూసి నివ్వెరపోయారు. అవన్నీ సంస్థ సొంత ఆస్తులు. రికార్డుల ప్రకారం అన్నీ నిక్షేపంగా పనిచేస్తున్నాయి. కొలనులో ఈదేవాళ్ళు లేకపోయినా మునిగేవాళ్ళను కాపాడే ఉద్యోగి ఉన్నాడు, ఆయనకు నెలనెలా జీతం వెళ్తోంది. సగం కట్టి వదిలేసిన వంతెన సంగతి అడిగితే ఇంజనీరింగు విభాగంవారు, అది ప్రగతిలో ఉంది, దానిని పాడుబడ్డదనడం మా మనోభావాలను గాయపరచడమే అని సమాధానం పంపారు.

కాబట్టి, నిజంగా పాడుబడ్డవాటిని పాడుబడ్డవని అనడానికి వీల్లేదు. ఇక మిగిలినవి, జనం వాడుకుంటున్న చోట్లు. పాడుబెట్టేందుకు ఆస్కారం ఉన్నవి అవే.

అలా మా ఉప్పుకొఠార్ల వీధి వంతు వచ్చింది. మాది సముద్రానికి దగ్గర. తెల్లదొరల కాలంలో ఇక్కడ ఉప్పు నిలవచేసే పెద్ద కొఠార్లు ఉండేవి. అన్నీ పోయి ఒకటి మిగిలింది. అందులో నూకరాజు, అతని భార్య వరహాలమ్మ పిండి మర నడుపుతున్నారు. నా దర్జీ కొట్టు దానికి సరిగ్గా ఎదురు. అందుకే జరిగిందంతా మిషను మీంచి తల ఎత్తకుండానే చూశాను.

సోమసుందరం గారు మొదటిసారి వచ్చినప్పుడు మర నడుస్తోంది. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారు. దూలాలను, కమానులను తల ఎత్తి ఒక్కొక్కటే చూశారు. తరవాత గోడకు అరచెయ్యి ఆనించి, ఈ సున్నంలో కోడిగుడ్డు సొనా బెల్లం నీళ్ళూ కలిపి ఉంటారమ్మా, వందేళ్ళయినా పెచ్చు ఊడదు అని చెబుతూ, ఉద్వేగం వచ్చి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

"గోడ ముట్టకండి బాబూ, నిన్న ఊరందరి కారం ఆడినాం," అని వరహాలమ్మ చెప్పేసరికే ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. చెంబుతో నీళ్ళు, ఆ తరవాత మజ్జిగ ఇచ్చి పంపారు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. నూకరాజు దాన్ని నా చేత చదివించుకున్నాడు. చారిత్రక స్థలాన్ని వర్తమానం ఆక్రమించినట్టు సంస్థ దృష్టికి వచ్చిందనీ, సదరు వర్తమానాన్ని వెంటనే తొలగించాలనీ అందులో ఉంది. వర్తమానమంటే ఎవరని నూకరాజు అడిగాడు. నువ్వే అన్నాను. పాపం, కాసేపు తన కాళ్ళూ చేతులూ చూసుకున్నాడు.

ఇద్దరం కలిసి కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాం. తాతల నాటి నుంచీ అక్కడే మర ఆడుతున్నామని, ఆ వీధికి వేరే మర లేదని నూకరాజు విన్నవించుకున్నాడు. కమిషనరు గారు ఓపిగ్గా విన్నారు.

"మీ సేవలను సంస్థ తక్కువ చేయడం లేదు. అయితే ఆ భవనానికి పాడుబడేందుకు గల సహజ హక్కును మీ కుటుంబం మూడు తరాలుగా అడ్డుకుంటూ వచ్చింది. మీ తాతగారు సకాలంలో ఖాళీ చేసి ఉంటే ఈపాటికి అక్కడ ఒక రావిచెట్టు ఉండేది. ఆ చెట్టుకు మీరేం సమాధానం చెబుతారు?"

నూకరాజు ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. తప్పయిపోయిందని చేతులు జోడించాడు.

పక్కనున్న సోమసుందరం గారికి జాలి కలిగింది. గోడ మీద ప్రేమ ఉన్నా, మజ్జిగ తాగిన విశ్వాసం కూడా ఆయనకుంది. పొద్దున్న పది దాకా మర ఆడుకోవచ్చు, పది తరవాత భవనం పాడుబడి ఉండాలి అని మధ్యేమార్గం చెప్పారు. కమిషనరు గారు ఒప్పుకున్నారు.

ఇక పాడుబెట్టే పని మొదలైంది. పాడుబడ్డ చోట గబ్బిలాలు ఉండి తీరాలని నిబంధన. గబ్బిలాల సరఫరాకు టెండరు పిలిచారు, ఆ రంగంలో అనుభవం ఉన్నవారే వెయ్యాలన్నారు. గుత్తేదారు ఒకాయన బుట్టల్లో తెచ్చి వదిలాడు. మర్నాడు పొద్దున్న నూకరాజు మోటారు వెయ్యగానే అవన్నీ ఒక్కసారి లేచి ఎగిరిపోయి, ఎక్కడా నిలవక, చివరికి నగరపాలక కార్యాలయంలోని సమావేశ మందిరంలో స్థిరపడ్డాయి. గుత్తేదారు జడవలేదు. నల్ల గొడుగులు కొని, ముడిచి, దూలాలకు తలకిందులుగా వేలాడదీశాడు. దూరం నుంచి చూస్తే అచ్చం గబ్బిలాలే. వాటికి నిర్వహణ ఖర్చు కూడా లేదని విభాగం మెచ్చుకుంది.

దుమ్ము దగ్గర పేచీ వచ్చింది. మరలో దుమ్ముకు లోటు లేదు గాని అది తెల్లగా ఉంది. ప్రాచీన ధూళి గోధుమ వన్నెలో ఉండాలని సోమసుందరం గారు అన్నారు. అందుకని ప్రారంభోత్సవం అయ్యేదాకా వీధిలో ఎవరూ బియ్యం ఆడించకూడదు, చోళ్ళు, అంటే రాగులు, మాత్రమే ఆడించాలి అని ఆదేశమిచ్చారు. మా వీధంతా పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం చోడి సంకటి, సాయంత్రం చోడి రొట్టె. చరిత్ర కోసం మావంతు త్యాగం మేం చేశాం. ఒంటికి కూడా మంచిదేనని డాక్టర్లు చెప్పారు.

ప్రారంభోత్సవం నాడు కమిషనరు గారు రిబ్బను వద్దన్నారు. పాడుబడ్డ చోట రిబ్బనేమిటి, సాలెగూడు కత్తిరిస్తానన్నారు. అసలు సాలెగూడు ఫోటోగ్రాఫరు తలకు చుట్టుకుని పోయింది. అప్పటికప్పుడు నేను తెల్లదారంతో గుమ్మానికి అడ్డంగా గూడు అల్లాను. నా వృత్తిలో జాకెట్లకు కూడా అంత మెచ్చుకోలు రాలేదు. కమిషనరు గారు దానిని వెండి కత్తెరతో కత్తిరించి, ఈ శిథిలాన్ని ప్రజలకు అంకితం చేస్తున్నాను అన్నారు. బ్యాండు మోగింది.

అందరూ లోపలికి అడుగుపెట్టారు. దూలాల సందుల్లో పేరుకున్న కారం బ్యాండు మోతకు కదిలింది. ముందు కమిషనరు గారు తుమ్మారు. తరవాత కార్పొరేటర్లు, వాళ్ళ వెనక పత్రికలవాళ్ళు, ఆ పైన ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ వరసగా తుమ్మి, ఒకరి భుజాల మీద ఒకరు పడి బొటబొటా కన్నీళ్ళు కార్చారు. చరిత్ర ఇంతమందిని ఒకేసారి ఏడిపించడం తాను ఏ దేశంలోనూ చూడలేదని కమిషనరు గారు జేబురుమాలు వెనక నుంచి ప్రకటించారు.

సరిగ్గా అప్పుడే బస్తాల వెనక నుంచి నూకరాజు లేచాడు. ఎవరింట్లోనో పెళ్ళి అరిసెలకు పిండి కావాలని బతిమాలితే ఆ పొద్దున్న చాటుగా బియ్యం ఆడాడు. బెల్టు జారి, సరిచేసుకుంటూ ఉండిపోయాడు. తల నుంచి పాదాల దాకా తెల్లగా, రెండు కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఇంతమంది పెద్దలు ఎదురుగా కనబడేసరికి మర్యాదగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

శిథిలం క్షణంలో ఖాళీ అయింది. కమిషనరు గారి చెప్పు ఒకటి మా కొట్టు ముందు దొరికింది.

ఆ వీడియో దేశమంతా తిరిగింది. మర్నాటి నుంచి మా వీధికి జనం. బస్సుల మీద, ఆటోల మీద, పక్క జిల్లాల నుంచి. ఉప్పు దొర ఆత్మ అని ఒకరు, ఉప్పు దొంగిలించి పట్టుబడ్డవాడి ఆత్మ అని మరొకరు చరిత్ర తవ్వడం మొదలుపెట్టారు. విభాగం చురుగ్గా స్పందించి నూకరాజును తాత్కాలిక ప్రాతిపదికన ప్రేతంగా నియమించింది. ఆ ఉత్తర్వు చూసి వరహాలమ్మ కార్యాలయానికి వెళ్ళి పెద్ద రగడ చేసింది. బతికున్న మొగుణ్ణి దెయ్యమంటే తన పుస్తెల సంగతేమిటని నిలదీసింది. సోమసుందరం గారు ఉత్తర్వుకు సవరణ ఇచ్చారు: ఈ నియామకం అభ్యర్థి ప్రాణంపై గాని, భార్య సుమంగళి హోదాపై గాని ఎటువంటి ప్రభావమూ చూపదు. ఆమె దాన్ని పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టింది.

పొద్దున్న మరవాడు, పది దాటాక దెయ్యం. నూకరాజు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మా వీధిలో పునుగుల బళ్ళు, చెరకురసం బళ్ళు, రంగులరాట్నం వెలిశాయి. తప్పిపోయిన పిల్లల కోసం మైకు పెట్టారు.

అంతలో రాజధాని నుంచి నిర్జనతా తనిఖీ బృందం వచ్చింది. నగరాల్లోని పాడుబడ్డ ప్రదేశాలు నిబంధనల ప్రకారం పాడుబడి ఉన్నాయో లేదో చూసి, జాతీయ పురస్కారానికి సిఫారసు చెయ్యడం వాళ్ళ పని. బృందం వీధి మొదట్లోనే జనంలో ఇరుక్కుపోయింది. కొఠారు దాకా చేరలేక పునుగులు తిని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ప్రదేశంలో మనుషులు లేకపోవడమనే మౌలిక సదుపాయం తప్ప తక్కినవన్నీ ఉన్నాయని రాసింది.

కమిషనరు గారు రెండు రోజులు ఆ నివేదికే చదువుకున్నారు. మూడో రోజున వీధి వీధంతా ఖాళీ చేయించాలని నిర్ణయించారు. మమ్మల్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఊళ్ళో మనుషులూ పందులూ లేని భవనం ఒకటే ఉంది. అది నగరపాలక సంస్థ కొత్త అనుబంధ కార్యాలయం. కట్టినప్పటి నుంచీ అందులో విభాగాల పేర్ల పలకలున్నాయి గాని విభాగాలు రాలేదు. అలా మేం సామాన్లతో సహా అందులో దిగాం. నా మిషను వృత్తి పన్ను విభాగంలో పెట్టుకున్నాను. నూకరాజు మర ప్రజా విజ్ఞప్తుల హాల్లో బిగించారు. కిటికీలు తెరుచుకోవు, గాలి లేదు, మర వేస్తే మూడంతస్తులూ వణుకుతాయి. సముద్రపు గాలికి అలవాటుపడ్డ ముసలివాళ్ళు మెట్ల మీద పడుకుని మూలిగేవారు. వరహాలమ్మ మొదటిసారిగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అదీ కారం లేకుండా.

అక్కడ ఉప్పుకొఠార్ల వీధి బ్రహ్మాండంగా పాడుబడింది. దెయ్యం లేదు, పునుగులు లేవు, ఏడిపించడానికి కారం లేదు. చూడ్డానికి ఒక్కడూ రాలేదు. తనిఖీ బృందం మళ్ళీ వచ్చి, తమ అడుగుల చప్పుడు తామే విని భయపడి, నూటికి నూరు మార్కులు వేసింది. కమిషనరు గారు ఢిల్లీ వెళ్ళి పురస్కారం అందుకున్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయని విన్నాం.

లక్ష్యం నెరవేరింది గనక విస్మృత ప్రదేశాల విభాగాన్ని మూసేశారు. సోమసుందరం గారికి మాత్రం వేరే చోటికి బదిలీ ఇవ్వడం మరిచిపోయారు. ఆయన కొఠారు గుమ్మంలో కుర్చీ వేసుకుని రోజూ ఒక్కరే కూర్చునేవారు. ఆయన కోరుకున్న నిశ్శబ్దం, ఆయన ప్రేమించిన గోడ, రెండూ దొరికాయి. ఒక నెల మహా సంతోషంగా ఉన్నారట. తరవాత గబ్బిలాల గొడుగులకు పేర్లు పెట్టడం మొదలుపెట్టారట.

ఇంతలో మా నెత్తిన పిడుగు పడింది. పురస్కారాన్ని ప్రదర్శనకు పెట్టాలి, అనుబంధ కార్యాలయం ఖాళీ చెయ్యండి అన్నారు. ఎక్కడికి పోవాలని అడిగితే అది తమ పరిధిలోకి రాదన్నారు. గడువు వారం. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఊళ్ళకు మూటలు కట్టుకోసాగారు. నూకరాజు మర విప్పి అమ్మేద్దామన్నాడు. వరహాలమ్మ ఆ మాట వినిపించుకోకుండా, సీసాలో మజ్జిగ పోసుకుని నన్ను వెంటబెట్టుకుని సోమసుందరం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన గడ్డం పెరిగి ఉంది. మనిషి గొంతు వినగానే కుర్చీలోంచి తూలి లేచారు. మజ్జిగ తాగి, సంగతంతా విని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చారు.

"ఈ వీదిలో ఎవులైనా ఉన్నారేటి బాబూ?" అని అడిగింది వరహాలమ్మ.

"ఎవరూ లేరమ్మా. ప్రభుత్వం ధ్రువీకరించింది."

"మరి రేపు మేమొచ్చి ఉంటేనో?"

సోమసుందరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సహాయ సంచాలకుల గొంతుతోనే, కానీ ఎప్పుడూ లేని మెత్తదనంతో చెప్పారు. "నిర్జనమని ఒకసారి రుజువైన చోట మనుషులు కనబడితే, అది చూసినవారి దృష్టి లోపం అవుతుంది. మనుషుల తప్పు కాదు. రండమ్మా. తొందరగా రండి."

మేం వచ్చేశాం. అనుబంధ కార్యాలయం ఖాళీ చేశామని సంస్థ సంతోషించింది, ఎక్కడికి పోయామని అడగలేదు. లేని వీధికి ఎవరూ రారు గదా. పన్నులవాళ్ళు రాలేదు, నోటీసులవాళ్ళు రాలేదు, కాలవ తవ్వి పూడ్చకుండా పోయేవాళ్ళు కూడా రాలేదు. ఇళ్ళకు సున్నాలు వేసుకున్నాం. సోమసుందరం గారు మా మేడ మీద గది అద్దెకు తీసుకున్నారు. సాయంత్రాలు వీధిలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఉప్పు పడవల కథలు చెప్పేవారు. నెలకోసారి మాత్రం పైకి నివేదిక పంపేవారు: పరిస్థితిలో మార్పు లేదు, మనుష్య సంచారం లేదు.

అలా ఏడాది గడిచింది. ఒకరోజు ఎండవేళ, ముందుగా చెప్పకుండా, కమిషనరు గారి కారు వీధి మొదట్లో ఆగింది. ఆయన ఒక్కరే దిగి నడిచి వచ్చారు. దాక్కోవడానికి ఎవరికీ వ్యవధి లేకపోయింది. అరుగుల మీద ఆడవాళ్ళు, కుళాయి దగ్గర బిందెలు, మర ముందు పిండి డబ్బాల వరస, ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయాం. నూకరాజు మోటారు ఆపాడు. అంత నిశ్శబ్దం ఆ వీధి పాడుబడ్డప్పుడు కూడా లేదు.

సోమసుందరం గారు మెట్లు దిగి ఎదురు వెళ్ళారు. ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు. వీధి పోతుందని మాకు తెలుసు. ఆయన చొక్కా గుండీలు సరిచేసుకుని, దోషినని చెప్పడానికి నోరు తెరిచారు.

కమిషనరు గారు చెయ్యి ఎత్తి వారించారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చారు. ఆయన ముఖాన చెమట కారుతోంది. అనుబంధ కార్యాలయం గోడకు ఉన్న పురస్కారం మా అందరి కళ్ళలోనూ మెదిలింది. ఆయన కళ్ళలోనూ మెదిలే ఉంటుంది.

చివరికి, "ఎంత నిర్మానుష్యంగా ఉందయ్యా," అన్నారు.

వరహాలమ్మ అరుగు దిగి వచ్చి ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. కమిషనరు గారు ఆమె వైపు చూడకుండా గటగటా తాగేశారు. మూతి తుడుచుకున్నారు. ఖాళీ గ్లాసును గాలిలోకి చాపి, ఎవరూ లేని ఆ వీధిని చాలా మర్యాదగా, ఇంకో గ్లాసు ఉంటే పొయ్యమని అడిగారు.